లాకర్ కోసం బ్యాంకుకు వెళ్తే ఎఫ్‌డీ అని చెప్పి పాలసీ అంటగట్టారు, జాగ్రత్త

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఆయనా నేనూ కూర్చుని ఇంటి నెట్‌వర్త్ లెక్క వేశాం. బ్రహ్మవిద్యేమీ కాదు. పిల్లాడి పాత నోట్‌బుక్‌లో ఎడమ పక్క ఉన్నవన్నీ, కుడి పక్క అప్పులన్నీ రాసి తీసివేస్తే మిగిలేదే మనది. ఒక్క షరతు మాత్రం పెట్టుకున్నాం. దేనికీ కొన్న ధర రాయకూడదు, ఇవాళ అమ్మితే చేతికి ఎంతొస్తుందో అదే రాయాలి. ఆ షరతు పెట్టుకోకపోతే ఈ మోసం 2031 దాకా బయటపడేది కాదు, కడుతూనే ఉండేదాన్ని.

"బ్యాంకు ఎఫ్‌డీ" అని నేను 4 లక్షలు రాసిన చోట చివరికి మిగిలింది 2,08,000.

2022 జనవరిలో అత్తమ్మ నగలు పెట్టుకోవడానికి లాకర్ అడుగుదామని ఖమ్మంలో మా ఆయన జీతం పడే బ్యాంకుకే వెళ్లాం. పేరు రాయను. "ఖాళీల్లేవు మేడమ్, కానీ..." అని కాసేపు ఆగాడు అక్కడి ఆఫీసర్. ఏటా లక్ష చొప్పున పదేళ్లు ఒక డిపాజిట్ కడితే లాకర్ సంగతి తాను చూసుకుంటానన్నాడు. ఇరవై ఏళ్లు నిండాక 20 లక్షలు. "కట్టేది పది, వచ్చేది ఇరవై. డబుల్ మేడమ్. ఎఫ్‌డీ లాంటిదే, ఇంకా మంచిది." టీ కూడా తెప్పించాడు. పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా సంతకం చేశాను. సాయంత్రం వెరిఫికేషన్ కాల్ వస్తుంది, అన్నిటికీ యెస్ అనండి అన్నాడు. స్కూల్లో స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడి ఆరేడుసార్లు యెస్ అన్నాను. ఆ యెస్‌లే ఇప్పుడు నా మెడకు చుట్టుకున్నాయి.

తర్వాత తెలిసిందేమిటంటే, లాకర్ కావాలంటే ఇన్సూరెన్స్ కొనాలన్న నిబంధన ఎక్కడా లేదు. మూడేళ్ల అద్దెకూ, అవసరమైతే లాకర్ పగలగొట్టే ఖర్చుకూ సరిపడా ఒక డిపాజిట్ అడగడానికి రిజర్వు బ్యాంకు ఒప్పుకుంది, అంతే. ఖాళీల్లేవంటే వెయిటింగ్ లిస్టు నంబర్ ఇమ్మని అడగండి. నేను అడగలేదు.

అనుమానం రావాల్సింది మొదటి రసీదు దగ్గరే. కట్టింది 1,04,500. ఆ 4,500 జీఎస్టీ. ఎఫ్‌డీలో వడ్డీ మీద టీడీఎస్ కోస్తారు గానీ, వేసే డబ్బు మీద జీఎస్టీ ఎవరు వేస్తారు? పిల్లలకు లెక్కలు చెప్పే నాకు అది తట్టలేదు. ఆ తర్వాత మూడేళ్లూ 1,02,250 చొప్పున కట్టాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ ఎత్తేశారు కాబట్టి, ఇప్పుడు కొనేవాళ్లకు ఆ గుర్తు కూడా దొరకదు. మీరు చూడాల్సింది కాగితం మీది మాటలు. ప్రపోజల్ ఫారం, ప్రీమియం, సమ్ అష్యూర్డ్ (బీమా మొత్తం). వీటిలో ఏదో ఒకటి కనిపించిందంటే అది డిపాజిట్ కాదు, పాలసీ. అక్కడ బ్యాంకు చేసేది ఏజెంటు పని.

ఇక ఆ డబుల్ సంగతి. పదేళ్లపాటు ఏటా లక్ష కట్టి, ఇరవై ఏళ్లు నిండాక 20 లక్షలు తీసుకుంటే ఏడాదికి పడే రాబడి సుమారు నాలుగున్నర శాతం. మా ఆయన నమ్మలేక ఎక్సెల్‌లో రెండోసారి వేశాడు, అదే వచ్చింది. ఆ లక్షలే ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌లో వేసి, ఇప్పుడున్న 7.1 శాతం వడ్డీయే చివరిదాకా నడిస్తే అదే ఇరవై ఏళ్లకు 29 లక్షలు దాటుతుంది. 9 లక్షల తేడా! ఖమ్మం మొత్తం మీద లాకర్‌కు ఇంత అద్దె కట్టేది మేమే అయ్యుంటాం.

పోనీ మధ్యలో తీసేసుకుందామా అంటే, నాలుగో ఏడు నుంచి ఏడో ఏడు దాకా గ్యారంటీగా చేతికిచ్చేది కట్టిన ప్రీమియంలో సగమేనని పాలసీ బాండులోనే ఉంది. జీఎస్టీ కింద పోయింది అందులోకి రాదు. అన్నీ కలిపి 4,11,250 కట్టినదానికి బీమా కంపెనీ చెప్పిన అంకె, ఆ సగం కంటే కొంచెమే ఎక్కువ, ఆ 2,08,000.

ఈ దెబ్బతో మిగతా లెక్కలు కూడా మళ్లీ చూశాం. నగలు మాత్రం షరతు మరిచి షాపు బిల్లు ప్రకారమే రాశాం, అందులోంచి తరుగు, మజూరీ, రాళ్ల బరువు తీసేశాం. చిట్టీ అయితే ఇంకా నవ్వొస్తుంది. పోయిన ఏడాదే పాట పాడుకుని డబ్బు తెచ్చుకుని, దాన్ని ఎడమ పక్క రాశాం. ఇంకా కట్టాల్సిన వాయిదాలు అప్పే కదా, కుడి పక్కకు మార్చాం.

బాండు పోస్టులో వచ్చినప్పుడు కవరు కూడా పూర్తిగా చింపకుండా బీరువాలో చీరల కింద పెట్టాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. బాండు అందాక వద్దనుకుంటే వెనక్కిచ్చే గడువు ఒకటి ఉంటుంది, ఫ్రీ లుక్ అంటారు. ఇప్పుడది 30 రోజులు. స్టాంపు ఖర్చు, మెడికల్ టెస్టు ఉంటే దాని ఖర్చు, అన్ని రోజులు బీమా ఉన్నందుకు రిస్కు ప్రీమియం పట్టుకుని మిగతాది వెనక్కిచ్చేయాలి. ఇప్పుడు తీరిగ్గా చూస్తే బాండు వెనక కుట్టిన ఫారం కాపీలో నా ఏడాది ఆదాయం 12 లక్షలని ఉంది. నేను ప్రైవేటు స్కూల్ టీచర్ని! ఈమెయిల్ ఐడీ అసలు నాది కాదు.

కంపెనీకి ఫిర్యాదు రాశాను. సంతకాలు మీవే, కాల్ రికార్డింగ్ ఉంది అని జవాబొచ్చింది. అలా కాదన్నా, 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. మనకు హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఆదాయం గడి, ఆ ఈమెయిల్ రెండూ ఎర్ర పెన్నుతో చుట్టి కాపీలు జతచేశాను. ఇంకా పిలుపు రాలేదు.

అయిదో ప్రీమియం మాత్రం కట్టలేదు. వెంటనే సరెండర్ చేసేద్దామని, అంటే పాలసీ వదులుకుని వచ్చింది తీసుకుందామని నేను ఆవేశపడ్డాను గానీ, మా ఆయన ముందు పెయిడప్ అంకె రాతపూర్వకంగా తెప్పించాడు. ఇక పైసా కట్టకుండా వదిలేస్తే 2042లో 6,40,000 వస్తుందట. 2,08,000 ఇప్పుడు తీసుకుని 7 శాతం వచ్చే చోట పెట్టినా అప్పటికి 6,14,000 దగ్గరే ఆగుతుంది. అందుకే పెయిడప్ చేసి వదిలేస్తున్నాం. మీ పాలసీలో లెక్క వేరుగా ఉండొచ్చు. కోపంలో సరెండర్ ఫారం నింపకుండా రెండు అంకెలూ తెప్పించుకోండి.

ఎవరికైనా బాండు వచ్చి ఇంకా 30 రోజులు కాకపోతే ఈ రాత్రే లెటర్ రాసుకుని, రేపు బ్యాంకు తెరవగానే ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. "మేనేజర్ లీవులో ఉన్నారు, వచ్చే వారం రండి" అంటారు. నాకు తెలిసిన ఒకావిడను అలాగే తిప్పి గడువు దాటించారు. అప్పటికప్పుడే కంపెనీకి మెయిల్ కూడా పెట్టేయండి, మీ సొంత ఐడీ నుంచి.