మన ఎండకు ఏ లైను మేలు: ట్రౌట్ లైనా, ట్రాపికల్ లైనా?

అమెరికా నుంచి అన్నో బావో ఫ్లై రాడ్డు (ఈకలు, దారాలతో కట్టిన ఉత్తుత్తి పురుగును, అంటే ఫ్లైని, లైను బరువుతో విసిరి చేపలు పట్టే గాలం కర్ర) తెచ్చిచ్చారు, రీలుకు లైను చుట్టే ఉంది. అది చాలా, లేక వేడి ప్రాంతాలకని చేసే ట్రాపికల్ లైను వేరేగా కొనాలా? పుత్తూరు నుంచి అడుగుతారు, చిత్తూరు నుంచి అడుగుతారు, మా వీధిలోనే ఇద్దరు అడిగారు. నాదీ అదే కథ.

మా బావమరిది డెన్వర్ నుంచి తెచ్చింది ఐదో నంబరు (నంబరు పెరిగితే లైను బరువు పెరుగుతుంది) ఫ్లోటింగ్ లైను, అంటే నీళ్లమీద తేలేది, చల్లనీళ్లలో బతికే ట్రౌట్ చేపల కోసం చేసింది. జనవరిలో తెల్లారేసరికి రాయలచెరువు గట్టుమీద విసిరితే పట్టుదారంలా జారింది. అదే లైను మే నెలలో పదకొండు గంటలకు రీలు నుంచి లాగితే ఉడికిన సేమియా. రాడ్డు రింగులకు అతుక్కుంటుంది, వేళ్లకు జిగటగా తగులుతుంది, ఎంత ఊపినా నలభై అడుగులు దాటదు. నాకే విసరడం రాలేదనుకుని నెల రోజులు నన్ను నేను తిట్టుకున్నాను.

సంగతి లైను లోపల ఉంది. చల్లనీళ్ల లైనుకు సన్నని నైలాన్ పోగులు అల్లిన మెత్తని కోర్ (లోపలి దారం) ఉంటుంది, పైపూత కూడా మెత్తనిదే. మంచునీళ్లలో బిరుసెక్కకూడదని అలా చేస్తారు. మన ఎండకు ఆ మెత్తదనం ఇంకా మెత్తబడుతుంది. ట్రాపికల్ లైనుకు మోనో నైలాన్‌తో (లావుపాటి ఒంటి పోగులతో) అల్లిన బిరుసు కోర్, గట్టి పూత. నలభై డిగ్రీల ఎండలోనూ నిటారుగా రింగుల్లోంచి దూసుకెళ్తుంది. కంపెనీ పేరు, రంగు, టేపరు (లైను ఎక్కడ లావు, ఎక్కడ సన్నం అనేది) అన్నీ దీని తర్వాతే. ఏడాదిలో ఎనిమిది నెలలు ఉక్కపోసే ఊళ్లో ఇంకో లెక్క ఎందుకు?

ట్రాపికల్ లైనుకూ పేచీ ఉంది. చలికాలం పొద్దున రీలు నుంచి తీస్తే స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వస్తుంది. ఒకరు ఒక కొస పట్టుకుంటే, మీరు బారలు బారలుగా లాగి సాగదీయండి. రెండు నిమిషాల పని.

నంబరు సంగతి చేపను బట్టి. మొదటి ముప్పై అడుగులు ఐదో నంబరుకు దాదాపు 9 గ్రాములు, ఎనిమిదో నంబరుకు 13.6 గ్రాములు తూగుతాయి. జిలేబీ చేపలకు చిన్న ఫ్లై చాలు కాబట్టి ఐదు సరిపోతుంది. కొరమీను గాలి కోసం పైకి వచ్చే చేప, నాచు మధ్య కప్పలాంటి పాపర్ (నీళ్లమీద చప్పుడు చేస్తూ తేలే పెద్ద ఫ్లై) వేయాలి. దాన్ని మోసుకెళ్లడానికి ఎనిమిదో నంబరు ఫ్లోటింగే కావాలి. (ఎర్రటి పిల్లల గుంపు కనబడితే కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది, ఆ చోటు వదిలేయండి. చెరువు పాడుకున్నవాళ్లను అడగకుండా రాడ్డు విప్పకండి.)

సింకింగ్ (మునిగే) లైను మన లోతులేని చెరువుల్లో నాచు ఏరడానికి తప్ప పనికిరాదు. డబుల్ టేపరు (రెండు కొసలూ ఒకేలా సన్నబడే లైను) ఒక కొస అరిగితే తిప్పి కట్టుకోవచ్చు, పొదుపే, కానీ దూరం పోదు. బరువంతా ముందు కొస వైపు ఉండే వెయిట్ ఫార్వర్డే తీసుకోండి.

ఏ లైనైనా మన దగ్గర ముందు పాడుచేసేది సర్కారు తుమ్మ. గట్టుమీద లైను పోగేస్తే ముల్లు దిగి పూత చిట్లుతుంది, నీళ్లు కోర్‌లోకి పోతాయి. తేలాల్సిన కొస మెల్లగా మునగడం మొదలవుతుంది. లైను కంపెనీని తిట్టేముందు గట్టు చూసుకోండి. నేను పాత టార్పాలిన్ పట్ట పరిచి దానిమీదే వదులుతాను. రెండోది దోమల క్రీము. చాలా క్రీముల్లో ఉండే డీట్ పూతను కరిగిస్తుంది, రాసుకున్న చేత్తో లైను ముట్టకండి. సన్‌స్క్రీన్‌కూ అదే మాట. రీలును స్కూటర్ డిక్కీలో ఎండకు వదిలేయడం కూడా వద్దు.

ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లలో చేతి సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో తుడవండి. బట్టల సోడా వద్దు, పూతలోని జారుడు పోతుంది. చివర్లో మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెడితే చాలు. బోరునీళ్లయితే తెల్లటి చార కడతాయి.

డెన్వర్ లైను పారేయలేదు. డిసెంబరు, జనవరి పొద్దున్నే జిలేబీలకు దానంత మెత్తగా నీళ్లమీద వాలేది నా దగ్గర ఇంకోటి లేదు. సంక్రాంతి దాటగానే కడిగి, పెద్ద చుట్టగా చుట్టి అల్మారాలో పెడతాను. ఎనిమిదో నంబరు ట్రాపికల్ రీలెక్కుతుంది.