భీమవరంలో ఉద్యోగస్తుల ఇంగ్లీషు తరగతి: మన ‘లో’ చేసే మూడు పనులు

రొయ్యల ఎగుమతి కంపెనీలో, ప్లాంటులోని క్వాలిటీ విభాగంలో పనిచేస్తూ, విదేశీ కొనుగోలుదారుల ప్రతినిధులతో తరచూ ఇంగ్లీషులో మాట్లాడవలసి రావడంతో, భీమవరంలో సాయంత్రం వేళ నడిచే రెండు నెలల స్పోకెన్ ఇంగ్లీషు తరగతిలో చేరాను. ఫీజు 4,000 రూపాయలు. ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు ఏ ప్రిపోజిషన్ వాడాలో అక్కడ నేర్పిన తీరు ఒక్కదానికే ఆ డబ్బు దక్కిందని మనస్ఫూర్తిగా చెప్పగలను.

మొదటి రోజు మాస్టారు ఒక్కొక్కరినీ పిలిచి, ఎవరి ఉద్యోగం గురించి వారిని బోర్డు మీద ఒక వాక్యం రాయమన్నారు. నా వాక్యంలో ‘ఇన్’ మూడుసార్లు వచ్చింది. ఆయన దాన్ని చెరపకుండా, కిందనే తెలుగులో ‘కంపెనీలో, ప్లాంటులో, విభాగంలో’ అని రాసి, మన ‘లో’ ఒక్కటే ఈ మూడు పనులూ చక్కబెడుతోందని, ఇంగ్లీషు మాత్రం వాటిని విడదీస్తుందని చూపించారు. జీతమిచ్చే కంపెనీకి ‘ఫర్’, పనిచేసే చోటికి ‘ఎట్’, విభాగానికీ రంగానికీ ‘ఇన్’. హోదాకు ‘యాజ్’, చేతిలో ఉన్న ఆర్డరుకు ‘ఆన్’ వస్తాయి. కంపెనీ పేరుకు ముందు ‘ఎట్’ అన్నా తప్పు కాదట. బడిలోనూ కాలేజీలోనూ వ్యాకరణం చదివాను కానీ, ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

ఆకివీడు నుంచి వచ్చే ఒక సూపర్‌వైజరు గారు, మన వైపు అందరూ అనే ‘చెరువు మీద ఉన్నాను’ అన్న మాటను ‘ఆన్ ది పాండ్’ అని రాశారు. అలా అంటే నీటి పైన ఉన్నట్టు వినిపిస్తుందని, ‘ఎట్ ది పాండ్’ అనాలని మాస్టారు దిద్దారు; అదే చెరువులన్నిటినీ కలిపి ష్రింప్ ఫామ్ అన్నప్పుడు మాత్రం ‘ఆన్ ఎ ఫామ్’ అనడమే సహజమని వివరించారు. ‘ధర గురించి చర్చించాం’ అని మనసులో అనుకుని చెప్పడం వల్లనే ‘డిస్కస్’ పక్కన అక్కర్లేని ‘అబౌట్’ వచ్చి చేరుతోందని తెలిసింది కూడా ఆ రోజే.

అయితే గడువుల గురించిన పాఠాన్ని ఒక్క సాయంత్రంలో, తెలుగు పోలిక లేకుండా హడావిడిగా ముగించారు. దాని ఫలితం నేను అనుభవించాను. శుక్రవారానికల్లా రిపోర్టులు పంపుతానని చెప్పబోయి, మెయిల్‌లో ‘టిల్ ఫ్రైడే’ అని రాశాను. అవతలి వారు శుక్రవారం దాకా రోజూ పంపుతానని అర్థం చేసుకుని, మంగళవారం రిపోర్టు ఏదని అడిగారు. ‘కల్లా’ అంటే ‘బై’, ‘దాకా’ అంటే ‘టిల్’ అని నేనే కూర్చుని సరిచూసుకున్నాను. ఇంత స్పష్టమైన తేడా మన భాషలోనే ఉండగా తరగతిలో దాన్ని వాడుకోకపోవడం పెద్ద లోటు.

బ్యాచిలో ముప్పై మంది ఉండటం వల్ల రెండో నెలలో బోర్డు దగ్గరికి వెళ్లే వంతు వారానికి ఒకసారే వచ్చేది. చేరదలచినవారు పదిహేను మందికి మించని బ్యాచి అడిగి చేరడం మంచిది. రాత్రి షిఫ్టు వారికి ఉదయం బ్యాచి ఇంకా మొదలుపెట్టలేదు.