స్థిర నమూనానా, సుస్థాపిత నమూనానా?

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర రెండు టీకొట్లున్నాయనుకుందాం: రెండోది తెరవకపోతే మొదటిది తెరుస్తారు, మొదటిది తెరవకపోతే రెండోది తెరుస్తారు. తర్క ప్రోగ్రామింగ్‌లో (నియమాలు రాసి కంప్యూటర్ చేత జవాబులు రాబట్టే పద్ధతిలో), నిరాకరణ, అంటే ‘లేకపోతే’ అనే షరతు, గుండా తిరిగి తమపైనే ఆధారపడే ఇటువంటి నియమాలకు, 1988లో గెల్ఫాండ్, లిఫ్షిట్జ్ ప్రతిపాదించిన స్థిర నమూనా పద్ధతి రెండు జవాబులు, అంటే ఏది నిజమో ఏది కాదో చెప్పే రెండు నమూనాలు, ఇస్తుంది: ఒకదానిలో ఈ కొట్టు, మరొకదానిలో ఆ కొట్టు తెరిచి ఉంటుంది. వాన్ గెల్డర్, రాస్, ష్లిప్ఫ్‌ల సుస్థాపిత పద్ధతి రెండింటినీ అనిశ్చితమని వదిలి, ఒకే నమూనా చూపిస్తుంది.

‘మూడో కొట్టు తెరవకపోతే మూడో కొట్టు తెరుస్తారు’ అన్న ఒక్క నియమం చేరితే చాలు, మొదటి పద్ధతిలో నమూనాయే మిగలదు. రెండో పద్ధతి కొత్తగా ఆ ఒక్క కొట్టునే అనిశ్చితంగా ఉంచి, దానితో సంబంధం లేని ప్రశ్నలన్నిటికీ మునుపటి జవాబులే చెబుతుంది. చరరాశులు లేని నియమాలకు ఈ రెండో పద్ధతి లెక్క బహుపది కాలంలో, అంటే నియమాలు పెరిగినా సమయం విపరీతంగా పెరగకుండా, పూర్తవుతుంది. అందుకే డేటాబేసు ప్రశ్నలకు నేను సుస్థాపిత పద్ధతినే నమ్ముతాను. టైంటేబుల్ వంటి ఎంపికల చిక్కులకు మాత్రం స్థిర నమూనాలే తగినవి.