కచ్ లిగ్నైట్‌తో ఎనిమిదేళ్లు: బాయిలర్ దగ్గరి నుంచి

గుజరాత్‌లో కచ్ జిల్లా గాంధీధామ్‌లో ఒక వంటనూనె శుద్ధి కర్మాగారంలో ఎనిమిదేళ్లు బాయిలర్ చూశాను. కాండ్లా రేవులో దిగే ముడి పామాయిల్ మాకు వచ్చేది. ఆ ఎనిమిదేళ్లూ పొయ్యిలో వేసినది ఎక్కువగా కచ్ గనుల లిగ్నైటే, అంటే తేమ ఎక్కువుండే గోధుమ రంగు నాసి బొగ్గు. టన్ను ధర చూసి మొగ్గుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను.

మండే గుణంలో వంక పెట్టలేను. ఇట్టే అంటుకుంటుంది, బూడిదలో మండని బొగ్గు పెద్దగా మిగలదు. చిక్కు కాటా దగ్గరే మొదలవుతుంది. మాకు వచ్చిన సరుకు కిలోకు సుమారు 3,000 కిలో కేలరీలు. ఇండోనేషియా బొగ్గులో 4,200 రకం 10 టన్నులు చేసే పనికి ఇది 14 టన్నులు కావాలి. దాదాపు మూడో వంతు నీరే. ఆ నీటికీ బొగ్గు ధర, లారీ కిరాయి కట్టాల్సిందే.

వానాకాలం వేరే కథ. 6 మిల్లీమీటర్ల లోపు నలిపిన తడి లిగ్నైట్ బంకరు (పొయ్యి పైనుండే బొగ్గు తొట్టి) గోడకు రుబ్బిన పిండిలా పట్టేస్తుంది. ఒక జులై రాత్రి బొగ్గును పొయ్యిలోకి తోసే ఫీడరు తిరుగుతూనే ఉంది, బెడ్ (పొయ్యిలో బొగ్గు మండే వేడి ఇసుక పొర) వేడి మాత్రం 850 డిగ్రీల నుంచి 780కి జారింది. బంకరు నుంచి ఫీడరుకు దిగే గొట్టం మీద సుత్తితో కొట్టి చూశాను. కింద ఖాళీ డబ్బా మోత, పైన మూగ చప్పుడు. అంటే పైనే అడ్డం పడింది. పొడవాటి ఇనుప కడ్డీతో పొడిచి దించేసరికి ఆవిరి పీడనం పడిపోయింది. నూనె వాసన తీసే గదిలో శూన్యాన్ని నిలబెట్టేది ఆవిరే. అది తగ్గగానే అక్కడి నుంచి ఫోను మీద ఫోను. ఆ నూనె మళ్లీ మొదటికి వెళ్లింది.

ఊరికి వెళ్తే అందరూ అడిగేది ఒకటే: ఆ పొగ నూనెలో కలవదా? కలవదు. పొగ గొట్టాల్లోంచి చిమ్నీకి పోతుంది, నూనెను తాకేది ఆవిరి. భయపడాల్సింది బాయిలర్ నీటిలో కలిపే రసాయనాల గురించి, అది ఏ బొగ్గుకైనా ఒకటే.

కుప్ప కూడా కాపలా అడుగుతుంది. వదులుగా పోసి వదిలేస్తే లోపలే వేడెక్కి తెల్లటి పొగ మొదలవుతుంది. పైన నీళ్లు చల్లితే లోపలి నిప్పు ఆరదు. లోడరుతో తవ్వి, పరిచి, తొక్కించాలి.

నన్ను బాగా విసిగించింది గంధకం. దాన్ని పట్టేయడానికి బెడ్‌లో సున్నపురాయి వేసినా, చిమ్నీకి వెళ్లే ముందు పొగ చల్లబడే చోట, గాలి వేడిచేసే గొట్టాల చివర్లు తుప్పు పట్టి జల్లెడలయ్యాయి. రెండుసార్లు మార్చాం. టన్ను ధరలో మిగిలిందని యజమాని మురిసిపోయేటప్పుడు ఈ ఖర్చు లెక్కలోకి రాదు.

నన్నడిగితే నవంబరు నుంచి మే దాకా లిగ్నైటే వేస్తాను. జూన్ మొదలయ్యాక ఇండోనేషియా బొగ్గు సగం కలుపుతాను. యార్డుకు కప్పు లేదంటే అసలు కొనవద్దంటాను.