పక్షి రెట్ట మచ్చ: వేడి, పాలిష్, వాటర్ పేపర్‌లలో ఏది మేలు?

కారును శుభ్రంగా కడిగి తుడిచిన తరువాత కూడా రెట్ట పడిన చోట పొగచూరినట్టు ఒక మచ్చ మిగిలిపోయిందంటే, అది ఇక మురికి కాదు. రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర, అంటే క్లియర్ కోట్, అక్కడ దెబ్బతిన్నదని అర్థం. కాబట్టి షాంపూ మార్చి చూడడం వల్ల గాని, బంకమట్టి ముద్ద లాంటి క్లే బార్‌తో రుద్దడం వల్ల గాని ఫలితం ఉండదు. క్లే బార్ పైన అంటుకున్న దానిని లాగేస్తుందే తప్ప పొరలో పడిన గుంటను పూడ్చలేదు.

రెట్టలో కనిపించే తెల్లని ముద్ద ప్రధానంగా యూరిక్ ఆమ్లం. అది నీటిలో దాదాపు కరగదు కనుకనే పైపుతో నీళ్లు కొట్టినంత మాత్రాన వదలదు. ఎండలో బానెట్ కాలిపోతున్నప్పుడు క్లియర్ కోట్ కొద్దిగా మెత్తబడి వ్యాకోచిస్తుంది. దాని మీదే రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం రేకు చల్లబడేటప్పుడు పొర ఆ గట్టి ముద్ద ఆకారానికే బిగుసుకుంటుంది. ఆమ్లం చేసే హానికి ఇది తోడవుతుంది. ముదురు రంగు కార్లు ఎండకు ఎక్కువ వేడెక్కుతాయి, వాటి మీద మచ్చ ఎక్కువగా కనిపిస్తుంది కూడా. చీకట్లో టార్చిని ఏటవాలుగా పట్టి చూస్తే, కాగి చల్లారిన పాల మీద మీగడ ముడతల వంటివి ఆ మచ్చలో స్పష్టంగా కనబడతాయి.

ఏ పద్ధతి మేలో తేల్చవలసింది ఆ ముడతల లోతును బట్టే. కంపెనీ నుంచి వచ్చిన కార్లలో క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్ల వరకు ఉంటుంది. తల వెంట్రుక మందం కూడా చాలామందిలో అంతకంటే ఎక్కువే. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఈ పొరే. దీనిని అరగదీయడమంటే మళ్లీ నింపుకోలేని నిల్వలో నుంచి తీసి ఖర్చు పెట్టడమే. అందువల్ల మచ్చ ఎంత బాగా పోతుంది అన్నదానికంటే, పోగొట్టడానికి పొరను ఎంత తినేస్తుంది అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

ఆ లెక్కన మొదట ప్రయత్నించదగినది వేడి. పొర వేడికే మెత్తబడి ముడత పడింది కనుక, మళ్లీ మెల్లగా వేడి చేస్తే కొంతవరకు సర్దుకునే అవకాశం ఉంది. మచ్చను కడిగి ఆరబెట్టి, హెయిర్ డ్రయర్‌ను ఒకే చోట నిలపకుండా అటూ ఇటూ ఆడిస్తూ, రేకు బాగా వేడెక్కే వరకు గాలి తగిలించి, తరువాత దానంతట అదే చల్లారనివ్వాలి. కొత్త మచ్చ, లోతు లేనిది అయితే బాగా పలచబడుతుంది, ఒక్కోసారి పూర్తిగానే పోతుంది. నెలల తరబడి ఉన్న మచ్చకు ఇది పనిచేయదు. అయినా జాగ్రత్తగా చేస్తే పొరలో ఒక్క మైక్రాన్ కూడా పోదు. పాత పెయింటును ఊడగొట్టడానికి వాడే హీట్ గన్‌ను మాత్రం దీనికి వాడకూడదు. దాని వేడి పొరను బొబ్బలెక్కిస్తుంది, ప్లాస్టిక్ బంపర్‌నైతే వంకర చేస్తుంది.

రెండోది పాలిష్. ఇది గుంటను పూడ్చదు; గుంట చుట్టూ ఉన్న పొరను గుంట అడుగు దాకా దించుతుంది. అందుకే లోతైన మచ్చకు పాలిష్ మీద పాలిష్ పట్టించడం నష్టదాయకం. చేత్తో రుద్దేటప్పుడు వేలి కొన ఒత్తిడి అంతా ఒకే బిందువు మీద పడి కొత్త పల్లం ఏర్పడవచ్చు కనుక గుడ్డతో కాక చిన్న ఫోమ్ ప్యాడ్‌తో చేయాలి. యంత్రంతో చేయదలిస్తే, అలవాటు లేనివారికి ఒకే ఇరుసు మీద గిరగిరా తిరిగే రోటరీ కంటే, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ పాలిషరే మేలు. రోటరీ వేగంగా కోస్తుంది గాని వేడి పుట్టిస్తుంది, మలుపులు, అంచుల దగ్గర పొర పలచగా ఉంటుంది కనుక క్షణాల్లో కింది రంగు బయటపడుతుంది. మొదట సన్నని పాలిష్‌తో ఒకసారి చూసి, చాలకపోతేనే అంతకంటే గరుకైన రబ్బింగ్ కాంపౌండ్‌కు వెళ్లాలి.

మూడోది వాటర్ పేపర్, అంటే నీటితో తడిపి వాడే గరుకు కాగితం. కడిగిన మచ్చ మీద గోరును తేలికగా జరిపినప్పుడు గోరు అక్కడ తగులుకుని ఆగితే, పాలిష్ ఒక్కటే చాలదని అనుకోవచ్చు. అప్పుడు 2000, ఆపై ఇంకా సన్నదైన 3000 నంబరు కాగితాన్ని నీటితో తడుపుతూ రుద్ది, మసకబారిన చోటును కాంపౌండ్‌తో మళ్లీ మెరిపిస్తారు. మూడింటిలో ఎక్కువ పొరను తీసేది ఇదే. పెయింట్ మందం కొలిచే పరికరం ఉంటే నిశ్చింత అనుకుంటారు గాని, సాధారణ పరికరం మొత్తం పెయింట్ మందాన్నే చెబుతుంది, అందులో క్లియర్ కోట్ వాటా ఎంతో చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ మీద అసలు పనిచేయదు. ఈ పనిని నేర్పున్నవారికే వదలడం మంచిది.

పొర పగిలిపోయినా, కింది రంగు తేలినా రీపెయింట్ తప్ప దారి లేదు. దాని సంగతి వేరు; పాత రంగుతో కలిసేటట్టు వేయడమే అందులో కష్టమైన పని.

నా మట్టుకు తాజా మచ్చకు వేడి, ఆపై సన్నని పాలిష్ ఒక్క విడత, అంతే. నాలుగడుగుల దూరం నుంచి కనబడకపోతే అక్కడితో ఆపేస్తాను. మిగిలిన నీడను వ్యాక్స్ కొంత కప్పుతుంది, కొన్నాళ్లకు అది కడుక్కుపోతే మళ్లీ పట్టించవచ్చు. ఎలాగూ పాలిష్ పట్టిన చోట పాత వ్యాక్స్ కూడా పోయి ఉంటుంది కాబట్టి, కారును మళ్లీ బయట నిలిపే లోపే ఆ చోట కొత్తది పట్టించాలి.