మా పద్మిని కార్బ్యురేటర్ పంపిస్తే ఎవరిదో తిరిగి వచ్చింది: పాత ఫియట్లు ఉన్నవారికి హెచ్చరిక

పాత బండ్ల కార్బ్యురేటర్లు (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే సామాను) విప్పి కొత్తవాటిలా చేసిస్తానని వీడియోలు పెట్టే హైదరాబాదు పెద్దమనిషి ఎవరో పద్మిని, అంటే పాత ఫియట్ కారు, ఉన్నవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. పేరు రాయడం లేదు. నిన్న సాయంత్రం ఫోనులో ఆయన నోటివెంట వచ్చిన మాటలు ఇంకా చెవుల్లో ఉండగానే ఇది రాస్తున్నాను కాబట్టి, ఎక్కడైనా ఒక మాట ఎక్కువైతే మన్నించండి.

మాది నల్లగొండ. బండి మా నాన్నగారిది, 1984 నాటి ప్రీమియర్ పద్మిని. స్టీరింగ్ పక్కనే గేరు, 1089 సీసీ ఇంజను, మూడక్షరాల పాత నంబరు పలక. దాని మీద ఉన్న సోలెక్స్ 32 పీబీఐసీ కార్బ్యురేటర్ బండితో పాటు వచ్చినదే. రెండేళ్ళుగా ఐడ్లింగ్ నిలబడడం లేదు, అంటే యాక్సిలరేటర్ వదిలితే ఇంజను ఆగిపోతోంది. లోపలి గాలి తలుపు తిరిగే ఇరుసు, థ్రాటిల్ షాఫ్టు, అరిగి, పక్కనుంచి గాలి లాగుతోంది. గడియారం సెంటరుకు దగ్గరలో మా బండి చూసే ముసలి మేస్త్రీని మేమంతా చాచా అంటాము. దానికి రెండు బుష్షులు వేసి, కడిగి, ప్యాకింగులు మారిస్తే చాలు, దూరం పంపవద్దు అని ఆయన చెప్పనే చెప్పాడు. ఈమధ్య ఆయన చేతులు కొంచెం వణుకుతున్నాయి. ఆ వణుకు చూసి నేను, ఫోనులో తళతళలాడే వీడియోలు చేసే మనిషి దగ్గరికి వెళ్ళాను. చదువుకున్నవాణ్ణి కదా.

మొదట అడిగింది 6,500 రూపాయలు. పార్సిల్ అందాక, జెట్లన్నీ (పెట్రోలును కొలిచి వదిలే సన్నరంధ్రం ముక్కలు) ఒరిజినల్ ఇటలీవి వేస్తానని, ట్యూనింగ్ కూడా చేసి పంపుతానని మరో 2,000 అడిగాడు. మొత్తం 8,500 పని మొదలుకాకముందే ఫోన్‌పే చేశాను. బండి నల్లగొండలో మా వేపచెట్టు కింద ఉంది, కార్బ్యురేటర్ హైదరాబాదులో ఉంది, ట్యూనింగ్ మాత్రం పూర్తయిందని కబురు వచ్చింది. పెళ్ళికూతురు లేకుండానే పెళ్ళి జరిపించామని చెబితే సంతోషించి భోజనానికి కూర్చున్నవాడిని నేను. ఏ ఇంజను మీద ఎక్కుతుందో ఆ ఇంజను వేడెక్కాక, నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల గ్యాపూ, రవ్వ పడే టైమింగూ సరిచూసుకున్నాక చేసేదే ట్యూనింగ్ అన్న సంగతి నాకు తెలియక కాదు, ఆ రోజు గుర్తుకు రాలేదు.

ఇరవై రెండు రోజులకు ఆర్టీసీ కార్గోలో డబ్బా వచ్చింది. లోపల వెండిలా మెరిసే కార్బ్యురేటర్. అమ్మకు చూపించి, నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవారో అని కూడా అన్నాను. చాచా దాన్ని బండికి బిగిస్తూ ఏమీ అనలేదు. అమావాస్య నాడు చెరువుగట్టు గుడికి బయలుదేరితే, దారిలోనే బండి రెండుసార్లు ఆగింది. వెనుక నల్లని పొగ, బండిలో పెట్రోలు వాసన, వెనక సీట్లో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న మా అమ్మ. ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగూ కాటుక డబ్బీల్లా ఉన్నాయి. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇచ్చే బండి ఏడు దాటలేదు.

మరునాడు చాచా ఇంజను వేడిచేసి, ఐడ్లింగ్‌లో పెట్రోలు పాలు సరిచేసే మిక్చర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ పోయాడు. మామూలుగా అయితే ఒకచోట ఇంజను తడబడాలి, అక్కడినుంచి వెనక్కి తిప్పి, సాఫీగా నడిచేచోట ఆపాలి. స్క్రూ పూర్తిగా మూసుకుపోయినా ఇంజను ఆగలేదు. అంటే ఐడ్లింగ్ దారి మూసేసినా పెట్రోలు మరో దారిలో దిగుతోంది. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, విప్పుదాం బాబూ, అన్నాడు.

విప్పాక ఒక్కొక్కటే బయటపడింది. లోపలికి వచ్చే పెట్రోలును ఆపే నీడిల్ వాల్వు కింద ఉండవలసిన వాషరు లేదు, అందువల్ల పెట్రోలు మీద తేలుతూ ఆ వాల్వును మూసే ఫ్లోటు మరీ పైకి లేస్తే తప్ప పెట్రోలు ఆగదు. యాక్సిలరేటర్ పంపులో మెత్తగా ఉండవలసిన పొర, డయాఫ్రమ్, ఎండిన అప్పడంలా గట్టిగా ఉంది. మెయిన్ జెట్టు మీద ఉండవలసిన కొలత అంకెను గీకేశారు, దాని రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేసిన గీతలు భూతద్దం లేకుండానే కనిపిస్తున్నాయి. ఇటలీ అంటే ఇదేనేమో. ఇంజనుకు బిగించే కింది అంచు పలక, ఫ్లాంజి, చదునుగా లేదు, దాన్ని అద్దం మీద పెడితే కాగితం ముక్క అవతలికి దూరిపోయింది. ఆ సందు కనిపించకుండా ఎర్ర గమ్ము దట్టంగా పూశారు. ఇవన్నీ పని చేతకాని తనం అనుకొని ఊరుకునేవాణ్ణేమో.

కానీ మా నాన్నగారికి ఒక అలవాటు ఉండేది. బండి ఎప్పుడు షెడ్డుకు వెళ్ళినా, ముఖ్యమైన సామాను అంచు మీద ఆకురాయితో రెండు చిన్న గాట్లు పెట్టేవారు. డైనమోకు రెండు, డిస్ట్రిబ్యూటరుకు రెండు, కార్బ్యురేటర్ ఫ్లాంజి అంచున స్టడ్డు (బోల్టు) రంధ్రం పక్కన రెండు. చిన్నప్పుడు నేను నవ్వేవాణ్ణి, ఎవరు ఎత్తుకుపోతారు నాన్నా ఈ ఇనుమును అని. నిన్న టార్చి పట్టుకొని, ఎర్ర గమ్ము గీకి, వెండి రంగు గీకి, ఆ అంచంతా వేలితో తడిమాను. గాట్లు లేవు. పోత గరుకు తప్ప ఏమీ తగలలేదు. చాచా దాన్ని చేతిలోకి తీసుకొని బరువు చూసి, “ఇది మీ నాయన బండిది కాదు బాబూ, ఆ రోజే అనుమానమొచ్చింది, నీ సంతోషం చూసి చెప్పలేకపోయిన” అన్నాడు.

వెంటనే ఫోను చేశాను. డబ్బు అందేదాకా నేను “సార్”ని, “మీరు”ని. నిన్న రెండో వాక్యానికే “నువ్వు” అయ్యాను. మొదట, ఇప్పటి ఇథనాల్ పెట్రోలు వల్లనే ఇదంతా అన్నాడు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు ఉబ్బుతుందని నాకూ తెలుసు, కానీ అది జెట్టు మీది అంకెలను చెరిపి, ఆకురాయి గాట్లను పూడ్చి, బాడీని కొత్తగా పోత పోస్తుందని మాత్రం ఆయన ద్వారానే తెలుసుకున్నాను. గాట్ల సంగతి చెప్పగానే కొంచెంసేపు మాట లేదు. ఆ మౌనంలోనే నాకు జవాబు దొరికింది. తరవాత వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: “గాట్లు లేవు, గీట్లు లేవు. నువ్వు పంపిందే నీకొచ్చింది. ఫొటో ఉన్నదా? లేదు కదా. నలబై ఏండ్ల డొక్కు బండికి గింతకన్న మంచిది యాడికెల్లి వస్తది? ఇష్టముంటే నడుపుకో, లేకుంటే తుక్కుల ఎయ్యి.” వెనక ఎవరో నవ్వుతున్నారు కూడా. ఆ నవ్వు లేకపోతే నేను ఇంత పొడుగున రాసేవాణ్ణి కాదు. 8,500 పోయిన బాధ ఒకటి, మా నాన్నగారు ముప్పై ఏళ్ళు చేత్తో తుడిచి పెట్టుకున్న వస్తువును తీసుకొని, తుక్కులో వేసుకొమ్మనడం మరొకటి.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఫొటో లేదు. పంపేముందు ఒక్క ఫొటో తీయాలన్న ఆలోచన, రోజుకు నలభై ఫొటోలు తీసే నాకు రాలేదు. మా నాన్నగారి దగ్గర ఫోను లేదు, ఆకురాయి ఉండేది. కన్స్యూమర్ కమిషనుకు వెళ్ళమని తమ్ముడు అంటున్నాడు. రసీదు అడిగితే “మన మధ్య రసీదులేంది సార్” అన్న రోజున నేను మురిసిపోయాను కాబట్టి, నా దగ్గర ఉన్నది ఫోన్‌పే చీటీ, కార్గో కాగితం మాత్రమే. వాటితోనే ఫిర్యాదు రాస్తున్నాను.

మీరు ఎవరికైనా పంపవలసివస్తే బాడీ మీది అంకెలు, జెట్ల మీది అంకెలు కనిపించేలా ఫొటోలు తీసుకోండి, మీ గుర్తు మీరు పెట్టుకోండి, సగం డబ్బు చేతిలో ఉంచుకోండి, పాత జెట్లు తిరిగి ఇమ్మని ముందే రాయించుకోండి. వీలుంటే బండినే తీసుకువెళ్ళి పక్కన నిలబడండి.

మరొక్క మాట. నాది ఆయన దగ్గర ఊరికే పడి ఉండదు, ఈపాటికి ఎవరికో ఒరిజినల్ అని మంచి ధరకు అమ్మే ఉంటాడు. ఈ రెండు నెలల్లో మీలో ఎవరైనా ఆయన దగ్గర పద్మిని సోలెక్స్ కొని ఉంటే, దయచేసి దాన్ని విప్పి ఫ్లాంజి అంచున, స్టడ్డు రంధ్రం పక్కన చూడండి. వడ్లగింజంత పొడుగున్న రెండు గాట్లు పక్కపక్కన ఉంటే అది మాది. మీరు ఎంతకు కొన్నారో అంతా ఇచ్చి తీసుకుంటాను, ఏ ఊరైనా నేనే వస్తాను.