కంట్లో రింగులు వేయించుకున్నా: కావలి నుంచి ఒక మగ్గం వర్కు మనిషి అనుభవం

నాది కావలి. ఇంట్లోనే బ్లౌజులు, మగ్గం వర్కు. రెండేళ్ల కిందట ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో చూస్తే ఒక్క జరీ పోగు మూడుగా కనపడేది. నెల్లూరులో ఒక కళ్లజోళ్ల షాపులో ఏడాదిలో మూడుసార్లు అద్దాలు మార్చారు. సిలిండర్ పవర్ (కార్నియా వంపు సమంగా లేకపోతే అద్దాల్లో వేసే పవర్) పెరుగుతూనే ఉంది. పెద్ద డాక్టరుకి చూపించుకోమ్మా అని ఒక్కరూ అనలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

చివరికి చిన్నమామ చెన్నై తీసుకెళ్లాడు. కార్నియా ఆకారం, మందం కొలిచే పెంటాకామ్ స్కాన్ తీసి కెరటోకోనస్ అనే జబ్బు అన్నారు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా పలచబడి, గోపురంలా ముందుకు పొడుచుకొస్తుందట. నాకు అన్నిటికంటే పలచగా ఉన్న చోట 438 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మామూలుగా అయితే 540 దాకా ఉండాలి. డాక్టరు గారి మొదటి ప్రశ్న, "కళ్లు నలుపుతావా?" అని. చిన్నప్పటి నుంచీ దురద, నలుపుడే నలుపుడు. అమ్మ నా వంక చూసిన చూపు చెప్పలేను.

కంటి మీద పెట్టే గట్టి కాంటాక్ట్ లెన్స్ (హార్డ్ లెన్స్) పెట్టి చూశారు. చూపు బాగానే వచ్చింది కానీ గంట కూడా ఓర్చుకోలేకపోయాను. అప్పుడు రింగుల మాట వచ్చింది. నిండు ఉంగరాలు కావు, అర్ధచంద్రాకారంలో సన్నటి ప్లాస్టిక్ ముక్కలు. లేజర్‌తో కార్నియా లోపల సొరంగం చేసి అందులోకి తోస్తారు. నాకు అర్థమైంది ఇలా: గుడ్డ మధ్యలో బుడగలా లేచినప్పుడు చుట్టూ పట్టీ వేసి బిగిస్తే మధ్యలో సర్దుకుంటుంది కదా, అదే. అయితే రింగులు ఆకారాన్ని సరిచేస్తాయే గాని జబ్బు ముదరకుండా ఆపవు. ఆపేది సీ3ఆర్: రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి పెట్టి కార్నియాని గట్టిపరచడం. నాకు ఒకే రోజు రెండూ చేశారు.

ఇంజెక్షన్ లేదు, మత్తు చుక్కలే. లేజర్ కోసం కంటిని పట్టి ఉంచినప్పుడు గట్టిగా నొక్కినట్టుంది, కాసేపు అంతా చీకటైంది. అప్పుడు మాత్రం భయమేసింది. రింగులు తోసేటప్పుడు నొప్పి తెలియలేదు. అసలు నరకం ఆ రాత్రి మొదలైంది, అదీ రింగుల వల్ల కాదట, సీ3ఆర్ కోసం పైపొర గీకినందుకట. మూడు రోజులు చీకటి గదిలో ధారగా నీళ్లు. "రెండు రోజుల్లో పనిలో కూర్చోవచ్చు" అని కౌన్సెలింగ్‌లో చెప్పిన అమ్మాయి కనపడితే అడుగుదామనుకున్నా. సూది పట్టింది నాలుగో వారంలో.

ఇంకో తగాదా బిల్లు. ప్యాకేజీ 70 వేలు అన్నారు, డిశ్చార్జి రోజు సీ3ఆర్ వేరే అంటూ 92 వేలు చేశారు. మామ దగ్గర ఉన్నది సరిపోలేదు, ఊళ్లో చీటీ పాడుకున్న డబ్బు ఫోన్‌పే చేయించాం. ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి.

ఇప్పటికి ఎనిమిది నెలలు. అంతకుముందు అద్దాలు పెట్టినా కుడి కంటికి 6/36, అంటే మామూలు చూపున్నవాళ్లు 36 మీటర్ల నుంచి చదివేది నేను 6 మీటర్ల దగ్గరికి వస్తేనే చదవగలిగేదాన్ని. ఇప్పుడు అద్దాలతో 6/12. అద్దాలు మాత్రం పోలేదు, పోతాయని ఎవరన్నా చెబితే నమ్మకండి. పగటి వెలుతురులో సూది బెజ్జం మూడుగా కాక ఒకటిగానే కనపడుతోంది, నా పొట్టకూటికి అది చాలు. రాత్రిపూట హైవే మీద లారీ లైట్ల చుట్టూ వలయాలు కనపడతాయి, స్కూటీ తమ్ముడే నడుపుతాడు. అద్దంలో దగ్గరగా చూసుకుంటే నల్లగుడ్డులో సన్నటి గీత, నాకు తప్ప ఎవరికీ తెలియదు. అవసరమైతే తీసేయొచ్చని కూడా చెప్పారు, ఆ మాట మీదే అమ్మ ఒప్పుకుంది.

ఐదుకి మూడున్నర ఇస్తా. డాక్టరు గారి చేతికి ఐదు, డబ్బులు మాట్లాడే గదికి రెండు. ఎడమ కంటికి రింగులు వద్దన్నారు, వచ్చే నెల సీ3ఆర్ ఒక్కటే. ఈసారి పెళ్లిళ్ల సీజన్ ఆర్డర్లు ముందే కుట్టి ఇచ్చేస్తున్నా, నెల రోజులు ఎవరూ బ్లౌజులు తేవద్దని చెప్పేశా.